మూఢంలో నేర్చుకున్న కొత్త సిస్టమ్

మొంథా తుఫాను తీరం దాటిన రాత్రి కొబ్బరి చెట్లు ఎలా ఊగాయో ఇప్పుడు అంతగా గుర్తు లేదు. మూడు రోజుల తర్వాత కరెంటు వచ్చినప్పుడు మా షాపులో సీపీయూ చేసిన చప్పుడు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది. టక్... టక్... టక్. ముల్లు ఒకేచోట ఇరుక్కున్న గోడ గడియారంలాగా. డీటీపీ చేసేవాళ్లు ఆ చప్పుడు వింటే చాలు, సంగతి అర్థమైపోతుంది. హార్డ్ డిస్క్ పోయింది.

తప్పు తుఫానుది కాదు. కరెంటు వస్తూ పోతూ ఉండగా సిస్టమ్ ఆన్ చేసింది నేను. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాది దాటినా "ఈ సీజన్ డబ్బులు రానీ, మార్పిద్దాం" అని నెట్టుకొచ్చిందీ నేనే.

మాది అంబాజీపేట, కొబ్బరి మార్కెట్ ఉన్న ఊరు. 2003లో రోడ్డు మీద చిన్న గది అద్దెకి తీసుకుని డీటీపీ, జిరాక్స్ పెట్టాను. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, కొబ్బరి కొట్ల బిల్లు బుక్కులు, గుడి కమిటీల కరపత్రాలు. ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లయినవాళ్లవీ, పోయినవాళ్లవీ పేర్లు సగానికి సగం నా వేళ్ల కింద నుంచి వెళ్లినవే.

పాత సిస్టమ్ 2013లో కొన్నది. మూడో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్. మొదట విండోస్ 7 ఉండేది, తర్వాత ఒక కుర్రాడు వచ్చి 10 వేసి వెళ్లాడు. ఆ 10 ఎక్కడి నుంచి తెచ్చాడో నేను అడగలేదు, మీరూ అడగకండి. సీపీయూని బండి మీద పెట్టుకుని అమలాపురం తీసుకెళితే అక్కడ రిపేరు చేసేవాడు మూత తీసి చూసి చెప్పాడు: "కొత్త డిస్క్ వెయ్యొచ్చండి. కానీ విండోస్ 11 దీనికి ఎక్కదండి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అని ఒక చిప్ కూడా అడుగుద్ది. పదికేమో అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేశారండి." తుఫాను వచ్చింది అక్టోబరు 28న. రెండు వారాల తేడాలో నా సిస్టమ్‌కి రెండు చావులన్నమాట. కొత్తది కొనాలంటే ఎంతవుతుందో ఆయన కాగితం మీద వేసి చూపించాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

కాకినాడలో ఇంజినీరింగ్ చదివే మేనల్లుడికి ఫోన్ చేస్తే, "మావయ్యా, పోయిన డిస్క్ చోట ఎస్‌ఎస్‌డీ ఒకటి కొను చాలు. నేనొచ్చి విండోస్ బదులు లైనక్స్ మింట్ వేస్తాను. ఫ్రీ. నీ పాత బోర్డు మీద పరిగెడుద్ది" అన్నాడు. కార్తీక సోమవారం నాడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వచ్చాడు. మా ఆవిడ ఉపవాసం, వాడికి మాత్రం టిఫిన్ పెడుతూ "ఏం వేస్తున్నావురా మీ మావయ్య కంప్యూటర్‌కి?" అని అడిగింది. "మింట్ అత్తా. అంటే పుదీనా. అందులో సిన్నమన్ అని ఒక రకం ఉంటుంది, అది వేస్తున్నా." సిన్నమన్ అంటే దాల్చినచెక్క. "బిర్యానీ వండుతున్నారా ఏంటి మీరు?" అంది. వెర్షన్లకేమో ఆడపిల్లల పేర్లట. మాకు ఎక్కినదాని పేరు జారా.

వెయ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతే. అరగంట సేపు నేను కూడా సంబరపడ్డాను. పాతది ఆన్ చేసి టీ తాగొచ్చినా తిరుగుతూనే ఉండే గుండ్రం ఇందులో లేదు. ఇంటర్నెట్ వస్తోంది, పాటలు వస్తున్నాయి, మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు కూడా. "చూశావా మావయ్యా" అని వాడు సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక బ్యాకప్ తీసిన డిస్క్ తగిలించాను. దాంట్లో వినాయక చవితి దాకా చేసిన పనంతా ఉంది. అసలు కథ అక్కడ మొదలైంది.

మొదట డిస్క్ ఎక్కడుందో దొరకలేదు. ఇరవై ఏళ్లుగా నాకు కంప్యూటరంటే సీ, డీ, ఈ. మాల్ అంతా డీలో ఉంటుంది, కస్టమర్ పెన్‌డ్రైవ్ ఈలో వస్తుంది. ఇందులో ఆ అక్షరాలే లేవు. చివరికి ఒక పక్కన పేరుతో కనిపించింది. తెరిస్తే ఫోల్డర్లన్నీ ఉన్నాయి. 'పెళ్లి 2019', 'పెద్దకర్మ', 'కమిటీలు'. ప్రాణం లేచొచ్చింది. ఒక ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. దీన్ని దేంతో తెరవాలో తెలియదంది. ఇంకోటి నొక్కాను. అదే మాట. పన్నెండేళ్ల ఫైళ్లు, అన్నిటికీ ఒకే తెల్ల కాగితం బొమ్మ.

అవన్నీ పేజీమేకర్ అనే పేజీలు పేర్చే ప్రోగ్రాములో చేసినవి. పేజీమేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరి వెర్షన్. నేను షాపు పెట్టిన మరుసటి ఏడాదే దాన్ని ఇక ముందుకు తీసుకెళ్లడం ఆపేశారు. అంటే నేను పని నేర్చుకునేటప్పటికే దాని ఆయుష్షు అయిపోయింది. ఆ కబురు మా వైపుకి రాలేదంతే. డీటీపీ అంటే పేజీమేకరే, దాని మీద ఒక తెలుగు సాఫ్ట్‌వేర్, దాని కోసం సీపీయూ వెనకాల గుచ్చే చిన్న లాక్. ఆ లాక్ లేకపోతే తెలుగు రాదు. ఎలకలు ఎత్తుకుపోతాయని రాత్రిళ్లు తీసి సొరుగులో పెట్టుకునేవాణ్ని. మర్నాడు మేనల్లుడు ఫోన్‌లోనే కూర్చోబెట్టి వైన్ అనేదేదో వేయించాడు. విండోస్ ప్రోగ్రాములు లైనక్స్‌లో నడిపించేదట. పేజీమేకర్ అయితే తెరుచుకుంది. లాక్‌ని మాత్రం ఎన్నిసార్లు గుచ్చినా గుర్తుపట్టలేదు. తెలుగు ఉండాల్సిన చోట టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు ఏలు, కింద కొక్కేలు వేలాడే సీలు, మధ్యలో పౌండు గుర్తులు. ఒక పెద్దమనిషి పెద్దకర్మ కార్డు అది. ఆయన పేరు ఉండాల్సిన చోట రెండు పౌండ్లు, ఒక ఆశ్చర్యార్థకం.

దీని సంగతి నాకు అంతకుముందు తెలియదని కాదు, ఎప్పుడూ పట్టించుకోలేదు. పాత తెలుగు ఫాంట్లు కంప్యూటర్‌కి ఇది తెలుగు అని చెప్పవు. ఇంగ్లిషువాళ్ల అక్షరాలు కూర్చునే 256 కుర్చీల్లోనే మన తలకట్టునీ, కొమ్మునీ, ఒత్తునీ ముక్కలు చేసి కూర్చోబెడతాయి. ఫాంట్ ఉన్నంతసేపూ తెలుగు. ఫాంట్ తీసేస్తే కింద ఉన్న ఇంగ్లిషు బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకీ విడివిడిగా నంబర్లిచ్చే యూనికోడ్ అలా కాదు, అందులో తెలుగుకి సొంత వాటా ఉంది, 128 గదులు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే ఇచ్చారట. నేను షాపు పెట్టడానికి పన్నెండేళ్ల ముందు సంగతి. ఇన్నేళ్లూ నేను తెలుగు టైపు చేస్తున్నాననే అనుకున్నాను. కంప్యూటర్ లెక్కలో నేను చేసిందంతా ఇంగ్లిషే, అదీ అర్థం లేని ఇంగ్లిషు.

పి.గన్నవరంలో డీటీపీ చేసే స్నేహితుడి దగ్గర ఇంకా పాత సెట్టింగ్ ఉంది. ముఖ్యమైనవి ఒక నూటయాభై దాకా అక్కడ తెరిచి పీడీఎఫ్‌లు చేసుకున్నాను. చూసుకోవడానికి పనికొస్తాయి, దిద్దడానికి కాదు. పాత ఫాంట్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, అవీ చూశాను. నూటికి తొంభై బాగానే వస్తుంది. ఆ మిగతా పది ఎక్కడుందో వెతకడానికి పట్టే టైములో మొత్తం కొట్టేయొచ్చు. శుభలేఖలో ఒక్క ఒత్తు తప్పినా వియ్యాలవారి ఇంటిపేరు మారిపోతుంది. ఆ రిస్కు నేను తీసుకోలేను.

ఇక టైపింగ్. ఇది చెప్పాలంటే ఇప్పటికీ వేళ్లు నొప్పెడుతున్నాయి.

నేను నేర్చుకున్నది యాపిల్ కీబోర్డు. యాపిల్ కంప్యూటర్ నేనెప్పుడూ ముట్టుకోలేదు, తెలుగు డీటీపీలో ఒక అమరికకి ఆ పేరు. ఇరవై రెండేళ్లుగా ఏ అక్షరం ఎక్కడుందో నాకు తెలియదు, నా వేళ్లకి తెలుసు. ఎవరైనా "క ఎక్కడండీ?" అని అడిగితే చెయ్యి గాల్లో పెట్టి కొట్టి చూసి చెబుతాను. మేనల్లుడేమో "ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో మావయ్యా, అది గవర్నమెంటు స్టాండర్డు, ఎక్కడికెళ్లినా ఉంటుంది" అని అదొక్కటే పెట్టి వెళ్లాడు. మాట నిజమే. ఎడమ చేతి కింద గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు, పద్ధతిగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాడికి వారం చాలు. నాకు కావాల్సింది నేర్చుకోవడం కాదు, మర్చిపోవడం. అది వారంలో వచ్చేది కాదు.

'వ్యాఘ్రేశ్వరం' అని కొట్టి చూడండి ఒకసారి. మా పక్కనే ఉన్న ఊరు, నెలకి నాలుగుసార్లు ఆ పేరు కొట్టాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో వ, దాని తర్వాత డి మీట మీద పొల్లు, అప్పుడు య, దీర్ఘం. షిఫ్ట్ పట్టుకుని ఘ, మళ్లీ పొల్లు, ర, ఏత్వం. షిఫ్ట్ పట్టుకుని శ, మళ్లీ పొల్లు, వ, ర, సున్నా. పదమూడు మీటలు. మొదటిరోజు అది కొట్టడానికి నాకు నిమిషంన్నర పట్టింది, అదీ 'వ్యాఘ్' దాకా వచ్చి ర బదులు ఇంకేదో పడింది. వెనక్కి చెరిపితే ఇంకో చిక్కు. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుణింతం పోతుంది, ఇంకోసారి నొక్కితే ఒత్తు పోయి పొల్లు మిగులుతుంది, మూడోసారికి ఆ పొల్లు పోతుంది. తాటిముంజె పొరలు ఒలిచినట్టు. షాపులో నాకు సాయంగా ఉండే అమ్మాయి పక్క సిస్టమ్ ముందు కూర్చుని ఫోన్‌లో కొట్టినట్టే ఇంగ్లిషు స్పెల్లింగ్‌తో టకటకా కొట్టేసి, "బాబాయ్ గారూ, అయిపోయిందండి" అంది. నేను దానికి టైపింగ్ నేర్పుతానని జీతానికి పెట్టుకున్నాను.

భాష మార్చడానికి సూపర్ మీటా స్పేసూ కలిపి నొక్కాలట. సూపర్ మీట ఏదని రెండు రోజులు వెతికాను. చివరికి చూస్తే విండోస్ బొమ్మ ఉన్న మీటే అది. విండోస్ తీసేసిన సిస్టమ్‌లో తెలుగు రావాలంటే రోజుకి వందసార్లు విండోస్ బొమ్మ మీద నొక్కాలి.

నవంబరు ఆఖరు వారంలో శుక్ర మౌఢ్యమి మొదలైంది. ఫిబ్రవరి మధ్య దాకా ముహూర్తాల్లేవు. మామూలుగా మూఢం అంటే మా వ్యాపారానికి శని, అద్దె కూడా చేతినుంచి కట్టుకోవాలి. ఈసారి మాత్రం ఆ శుక్రుడికి దండం పెట్టాను. మూఢమే లేకపోతే పెళ్లిళ్ల సీజన్‌లో ఈ చేతుల్తో నా షాపు మూతపడేది.

మూఢానికి ముందు ఆఖరి ముహూర్తాలకి ఒక శుభలేఖ అర్జంటుగా వచ్చింది. పేజీమేకర్ బదులు స్క్రైబస్ అని ఒకటుంది లైనక్స్‌లో. 2024 మొదట్లో వచ్చిన 1.6 వెర్షన్ మా సిస్టమ్‌లో ఎక్కింది, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గానే పడుతున్నాయి. కానీ పేజీమేకర్‌లో బొమ్మ తెచ్చుకోవాలంటే కంట్రోల్ డి. కళ్లు మూసుకుని నొక్కుతాను. ఇక్కడ పైన 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అని కొట్టి, కింద వినాయకుడి బొమ్మ కోసం కంట్రోల్ డి నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. ఇంకా రెండుసార్లు నొక్కాను. అప్పుడు చూస్తే, స్క్రైబస్‌లో కంట్రోల్ డి అంటే పట్టుకున్న పెట్టెకి ఇంకో కాపీ తియ్యమని. కొద్దికొద్దిగా పక్కకి జరుగుతూ, ఒకదాని మీద ఒకటి ఐదు అవిఘ్నమస్తులు. విఘ్నేశ్వరుడి జాడ మాత్రం లేదు. బొమ్మకి ముందు ఒక పెట్టె గియ్యాలి, ఆ పెట్టెలోకి కంట్రోల్ ఐతో తెచ్చుకోవాలి. ఇది తెలిసేటప్పటికి పెళ్లికూతురి నాన్నగారు రెండోసారి టీ తాగొచ్చి, "ఏవండీ, ఇంకా ఎంతసేపండీ?" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ కార్డులోనే ఇంకో గొడవ. వేదిక దగ్గర 'జంక్షన్‌లో' అని రావాలి. నేను కొడితే 'జంక్షన్లో' అని, న కింద లావొత్తు వేలాడుతూ వచ్చింది. పాత ఫాంట్‌లో పొల్లు ఒక ముక్క, పెడితే పెట్టినచోటే ఉంటుంది. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే కంప్యూటర్ దాన్ని ఒత్తు చేసేస్తుంది, దానికి తెలిసిన వ్యాకరణం అంతే. ఆపాలంటే మధ్యలో ఒక అక్షరం పెట్టాలి. అది కనిపించదు. వెడల్పు సున్నా. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కంపోజింగ్‌లో పుట్టి పెరిగినవాణ్ని, కనిపించని అక్షరాన్ని ప్రూఫ్‌లో ఎలా దిద్దుతాను చెప్పండి? మేనల్లుడు వాట్సాప్‌లో ఆ అక్షరం ఒక్కటీ పంపాడు. మెసేజ్ ఖాళీగా వచ్చింది. ఏమీ లేని ఆ మెసేజ్‌ని కాపీ చేసి పేస్ట్ చేస్తే ఒత్తు లేచి పైకొచ్చి పక్కన నిలబడింది. మా షాపు అమ్మాయి చప్పట్లు కొట్టింది.

బిల్లు బుక్కుల సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. ఒక కొబ్బరి కొట్టాయనకి శాంపిల్ తీసి ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "గురువుగారూ, కాయల లెక్క ఉంది, దింపు కూలీ ఉంది, వలుపు కూలీ ఉంది, బండి బాడుగ ఉంది. మొత్తం ఏదండీ? మొత్తం లేకపోతే నేను డబ్బులెలా అడగాలండీ?" అన్నాడు. కింద మొత్తం, సంతకం ఉన్న వరసంతా తెగిపోయింది. మళ్లీ తీశాను, మళ్లీ తెగింది. ప్రింటర్ని తిట్టాను, రోలర్లు తుడిచాను, కాగితం మార్చాను. రెండు రోజులు పోయాయి. జరిగిందేంటంటే, మేనల్లుడు వేసేటప్పుడు భాష దగ్గర అమెరికా ఇంగ్లిషు అని ఉంటే అలాగే వదిలేశాడు. అమెరికావాళ్ల కాగితం లెటర్ సైజు, 216 బై 279 మిల్లీమీటర్లు. మన ఏ4 210 బై 297. సిస్టమ్ నన్ను అమెరికావాణ్ని అనుకుని కింద పద్దెనిమిది మిల్లీమీటర్లు కోసేసింది. సెట్టింగ్‌లో ఏ4 అని పెట్టగానే మొత్తం తిరిగొచ్చింది. వాడికి ఫోన్ చేసి నేనన్న మాటలు ఇక్కడ రాయను.

యాపిల్ కీబోర్డు దొరికింది డిసెంబరులో, అదీ పొరపాటున. కీబోర్డుల లిస్టులో పోతన, సరళ, ఆర్టీఎస్ అంటూ చాలా ఉన్నాయి, ఏదో తీసెయ్యబోయి కిందికి వెళితే అక్కడుంది: యాపిల్. నిజంగా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. పెట్టుకుని కళ్లు మూసుకుని మా ఊరి పేరు కొట్టాను. వచ్చింది. ఇన్ని వారాలు అది అక్కడే ఉంది. ఒత్తులు వేసే తీరులో పాతదానికీ దీనికీ తేడా ఉంది, అక్కడ ఇప్పటికీ తడబడతాను. కానీ అద్దె ఇంట్లో నెల ఉండి సొంతింటికి వచ్చినట్టయింది. సామాన్లు కాస్త అటూ ఇటూ జరిగి ఉన్నాయి, అంతే.

ఫాంట్ల విషయంలో నేను బెంగ పెట్టుకున్నంత జరగలేదు. ఉచితంగా దొరికే తెలుగు యూనికోడ్ ఫాంట్లు దించితే మెనూలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. వాళ్ల పైన శ్రీకృష్ణదేవరాయ. భువనవిజయం మొత్తం నా సిస్టమ్‌లో కొలువు తీరింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా వేశాను. మేటర్‌కి మల్లన్న, హెడ్డింగ్‌కి రామభద్ర నాకు నచ్చాయి. అయినా కస్టమర్ ఒప్పుకోవాలి కదా. "అక్షరాలు మారాయేంటండీ, మా పెద్దమ్మాయి కార్డు మీద వేరేగా ఉన్నాయి" అంటారు. పాత ఫాంట్లలో ఆ మెలికలు తిరిగిన పెళ్లి అక్షరాలు నూరు రకాలు ఉండేవి. అవి రావు. కొందరికి నచ్చజెప్పాను, ఇద్దరు వేరే షాపుకి వెళ్లిపోయారు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇంకొకటుంది, ఎవరికైనా చెబితే నవ్వుతారేమో. పాత పద్ధతిలో ఒత్తు వేరే ముక్క కాబట్టి దాన్ని పట్టుకుని వెంట్రుకవాసి పక్కకో పైకో జరిపేవాణ్ని. 'స్వర్గస్థులైన' అని పెద్ద అక్షరాల్లో వేస్తే కింద ఒత్తులు దిగి కింది వరసలోని గుడినో, తలకట్టునో తగులుతాయి. తగలకుండా ఒక్కొక్కటీ సర్దేవాణ్ని. ఎవరూ గమనించరు, అయినా సర్దేవాణ్ని. ఇప్పుడు అక్షరం, గుణింతం, ఒత్తు మూడూ ఒకే ముద్ద. ఫాంట్ చేసినవాడు ఎక్కడ పెడితే అక్కడే. జరపడానికి లేదు.

జనవరిలో ప్రభల తీర్థం పనొచ్చింది. జగ్గన్నతోటలో కనుమ నాడు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వచ్చి నిలబడతాయి. 2023 రిపబ్లిక్ డే నాడు మన రాష్ట్రం శకటంగా ఢిల్లీలో ఊరేగింది ఈ ఉత్సవమే. కమిటీవాళ్లలో ఒకాయన మేటరంతా ఫోన్‌లో కొట్టి వాట్సాప్‌లో పంపాడు. ఏటా జరిగేదే. ఏటా నేను ఫోన్ స్టాండుకి ఆనించి పెట్టుకుని, చూస్తూ మళ్లీ మొత్తం కొట్టేవాణ్ని. ఎందుకంటే ఫోన్‌లో ఉన్నది యూనికోడ్, నాది పాత ఫాంట్. ఒకదాని తెలుగు ఇంకోదానికి రాదు. కొడుతూ ఉంటే ఒక ఊరి పేరు ఎగిరిపోవడం, ఆ ఊరివాళ్లు వచ్చి దెబ్బలాడటం కూడా ఏటా జరిగేదే.

అలవాటుగా ఫోన్ ఆనించి కూర్చున్నాను. అమ్మాయి వచ్చి, "బాబాయ్ గారూ, కాపీ చేసి పేస్ట్ చెయ్యొచ్చు కదండీ" అంది. చేశాను. మొసలపల్లి నుంచి పుల్లేటికుర్రు దాకా పదకొండు ఊళ్లూ ఒక్క దెబ్బకి పడ్డాయి. వ్యాఘ్రేశ్వరం కూడా. పదమూడు మీటలు లేవు, పొల్లు లేదు, షిఫ్ట్ లేదు. కాసేపు ఏమీ చెయ్యకుండా అలా చూస్తూ కూర్చున్నాను. తర్వాత దాంట్లో వెతికే పెట్టెలో ఒక ఊరి పేరు కొట్టాను. పోయి ఆ పేరు మీద నిలబడింది. ఇరవై రెండేళ్లలో కంప్యూటర్ నా తెలుగు చదవడం అదే మొదటిసారి. ఆ కరపత్రం మధ్యాహ్నం భోజనానికి ముందే ప్రూఫ్‌కి వెళ్లిపోయింది. కమిటీ ఆయనకి అనుమానం వచ్చి, "ఆయ్, సరిగ్గా చూశారాండీ, ఇంత తొందరగానా?" అని రెండుసార్లు చదువుకున్నాడు.

మూఢం వెళ్లింది. ముహూర్తాలు మొదలయ్యాయి. పనిలో వేగం పాతదానికి ముప్పావు వంతు దాకా వచ్చింది. కంట్రోల్ డి ఇంకా నొక్కుతూనే ఉన్నాను, రోజుకి రెండు మూడుసార్లు. లాక్ ముక్క సొరుగులోనే ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు, దాని డబ్బులు నాకు గుర్తున్నాయి మరి.

మొన్న ఒకాయన కార్డు పట్టుకొచ్చాడు. నిరుడు వాళ్ల నాన్నగారి పెద్దకర్మకి నేనే వేశాను. "సంవత్సరీకం అండి. అదే మేటరండి, తేదీ మారిస్తే చాలు. మీ దగ్గర ఉంటుంది కదండీ." ఉంది. ఆ డిస్క్‌లో, ఆ ఫోల్డర్‌లో, తెల్ల కాగితం బొమ్మ కింద. "అరగంట కూర్చోండి" అని కార్డుని స్టాండుకి ఆనించి కొట్టడం మొదలుపెట్టాను. పేరు దగ్గరికి వచ్చేసరికి కార్డు మీద చూశాను. 'స్వర్గస్థులైన' కింద ఒత్తులు దేనికీ తగలకుండా, కాస్త ఎడమకి జరిగి ఉన్నాయి. అది నేను జరిపిందే. స్క్రీన్ మీద మాత్రం థావొత్తు కింది వరసలో ఆయన ఇంటిపేరు గుడిని తాకుతోంది. వరసల మధ్య ఖాళీ ఒక పాయింటు పెంచాను. తగ్గలేదు. ఇంకోటి పెంచి ప్రింటు ఇచ్చాను.